చిన్న పనుంది, వస్తారా?

మా నాన్నగారు ఏనాడూ "అలా నడిచొద్దాం పదండి" అనలేదు. "చిన్న పనుంది, వస్తారా?" అనేవారు. ఆదివారం పొద్దున్నే పెసరట్టు తినేసి, పంచె విప్పి ప్యాంటు తొడుక్కుంటున్నారంటే ఆయనకేదో పని తగిలిందన్నమాటే. ఎవరికో కాగితం ఇవ్వాలి, ఎవరి దగ్గరో గొడుగు ఉండిపోయింది, అమ్మకి కరివేపాకు మొక్క కావాలి. విచిత్రమేంటంటే ఆ పని ఏదైనా సరే, బస్సు దిగి గంటో రెండు గంటలో నడిస్తే తప్ప తెమిలేది కాదు.

మొన్న సంక్రాంతికి పిల్లలతో రాజమండ్రి వెళ్ళినప్పుడు మా వాడు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. పదో తరగతి. వాడి స్నేహితులంతా మారేడుమిల్లి వెళ్ళి, జలపాతాల కింద నిలబడి ఫోటోలు పెట్టార్ట. "మీ ఊళ్ళో ఏముందమ్మా ట్రెక్కింగ్ చెయ్యడానికి? అట్టులా చదునే కదా అంతా" అన్నాడు. నేనేదో అనబోయి ఊరుకున్నాను. పక్కగదిలోంచి నాన్నగారు దగ్గారు. ఆ దగ్గు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. గొంతులో గరగర కాదు, అభ్యంతరం.

వాడన్నది అబద్ధమేం కాదు. పాపికొండల మధ్య ఒళ్ళు దగ్గరపెట్టుకుని వచ్చే గోదావరి, పోలవరం దాటాక ఒళ్ళు విరుచుకుంటుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలాక ఇక సముద్రం దాకా కొండన్న మాట లేదు. నీళ్ళు వాటంతటవి పారిపోయేటంత వాలు ఉంటుంది తప్ప, మనిషి కాలికి తెలిసేటంత ఎత్తుపల్లం ఉండదు. మాకు ఎత్తంటే ఏటిగట్టు, కాలవ గట్టు, రైలు కట్ట. వాటి మీదకి ఎక్కితే చాలు, రెండూళ్ళ అవతలి గుడి గోపురం కనబడేది.

మాది రాజమండ్రి ఇన్నీసుపేటలో వాటాల ఇల్లు. నాన్నగారు ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్. వారమంతా ట్రేసింగ్ కాగితం మీద కాలవలు గీసేవారు, ఆదివారం వాటి గట్ల మీద మమ్మల్ని నడిపించేవారు. అన్నయ్య, నేను, తమ్ముడు, మాతో అమ్మ. తీర్థాలప్పుడు మాత్రం మామ్మ కూడా. మామ్మ వస్తే పులిహోర, దద్ధోజనం. రాకపోతే బ్రెడ్డూ అరటిపళ్ళూ.

నడకలన్నిటికీ మొదలు లాకులే, అదే, కాలవలో నీటిని ఆపి వదిలే గేట్లు. ధవళేశ్వరంలో బస్సు దిగి, లాకుల మీదుగా కాలవ గట్టెక్కి, కడియం వైపు. తూర్పు డెల్టాకి నీళ్ళు మోసుకెళ్ళే పెద్ద కాలవ అది. ఒక పక్క నీళ్ళు, ఒక పక్క చేలు, కొబ్బరిచెట్లు. మధ్యమధ్య నిద్రగన్నేరు చెట్లు గట్టంతా కమ్ముకుని పందిరేసినట్టుండేవి. చంటిపిల్లని చంకనేసుకుని కూడా నడవచ్చు. కాళ్ళు లాగితే తూము గోడ మీద చతికిలబడొచ్చు. దారి తప్పుతామన్న బెంగ లేదు, కాలవ ఎటు పోతే మనమూ అటే. వైరు మీద లకుముకి పిట్ట కూర్చుని ఉండేది. మేం దగ్గరకెళ్ళేదాకా ఆగి, తర్వాతి స్తంభం దాకా ఎగిరి, మళ్ళీ మాకోసం ఆగేది. ఆ ఒక్క పిట్టే కడియం దాకా మాతో వస్తోందని తమ్ముడు గట్టిగా నమ్మేవాడు.

నాన్నగారు నడుస్తూ మాట్లాడేవారు. పాఠంలా కాదు, పక్కవాటా వాళ్ళ సంగతి చెప్పినట్టు. "కాటన్ దొర 1847లో మొదలెట్టి 1852కి ఆనకట్ట కట్టేశాడర్రా. నదిని ఆపేద్దామని కాదు. నీటిని కాస్త పైకి లేపితే చాలు, మిగతా పని పల్లమే చూసుకుంటుంది. మోటార్లు లేవు, ఏమీ లేవు." అలా అని కాలికింద మట్టిని చెప్పుతో తట్టేవారు. "ఇదిగో, ఈ ధవళేశ్వరం కొండ రాయే వెళ్ళి ఏట్లో పడుకుంది. రాయి పక్కనే దొరకబట్టి సరిపోయింది." కొండ మీద జనార్దనస్వామి గుడి ఉంది. మెట్లెక్కి చూస్తే గోదావరి అక్కడ ఎంత వెడల్పో కళ్ళకి కడుతుంది. ఎప్పుడో పోయిన ఇంగ్లీషు దొర పేరు స్నానం సంకల్పంలో చెప్పుకునే పురోహితులు మా రేవుల్లో ఉండేవారంటే మా వాడు ఇప్పుడు నమ్మడు. నేను చెవులారా విన్నాను.

పెద్ద కాలవలోంచి పిల్ల కాలవలు, పిల్ల కాలవల్లోంచి పంటబోదెలు. ఒకచోట పిల్ల కాలవ దాటడానికి వంతెన లేదు, బల్లకట్టు ఉండేది. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి కొబ్బరి మోకు కట్టి ఉంటుంది. బల్ల మీద నిలబడి ఆ మోకుని చేతులు మార్చి మార్చి లాక్కుంటూ అవతలికి పోవడమే. మోకు రెండు కొసలూ ఎండకి ఎండి పీచు లేచి అరచేతిలో గుచ్చుకునేవి. మధ్యలో మాత్రం నీళ్ళలో మునిగి మునిగి పాచి పట్టి, పాములా జారేది. అక్కడికొచ్చేసరికి పట్టు చాలక నేను వదిలేసేదాన్ని. అన్నయ్య అందుకునేవాడు. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని "వెంకటేశ్వరా" అనేది. ఆ కాలవ లోతు, నాన్నగారు చెప్పిందాన్ని బట్టి, అమ్మ నడుం దాకా వస్తుందేమో.

ఇక గొడుగు సంగతి. లాకుల దగ్గర ఒక లస్కరు ఉండేవాడు, గేట్లు కనిపెట్టుకుని ఉండే మనిషి, నాన్నగారికి బాగా తెలిసినవాడు. నాన్నగారి గొడుగు ఎప్పుడూ ఆ లస్కరు గుడిసెలో ఉండిపోయేది. ఆదివారం వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. రెండు వారాలయ్యేసరికి మళ్ళీ అక్కడే. "ఆ గొడుగు మీ నాన్నగారి కన్నా ఎక్కువ ఊళ్ళు తిరిగింది" అనేది అమ్మ. నాకు పెళ్ళయి పిల్లలు పుట్టాక ఒకసారి అమ్మే చెప్పింది. శనివారం ఆఫీసు నుంచి వస్తూ ఆయనే దాన్ని అక్కడ పెట్టి వచ్చేవార్ట. ఊరికే నడవడానికి పెళ్ళాం పిల్లల్ని తీసుకుని బయల్దేరితే వాటాలవాళ్ళు ఏమనుకుంటారోనని ఆయనకి సిగ్గు. ఆ రోజుల్లో మధ్యతరగతివాడు ఉత్తినే నడవకూడదు మరి. నడిస్తే రిక్షాకి డబ్బుల్లేవనుకునేవారు.

బ్యారేజీ మీద నడక ఇంకో రకం. పాత ఆనకట్ట పక్కనే 1970లో మొదలుపెట్టి 1982కి పూర్తి చేసిన కొత్త కట్టడం. తొలిసారి దాని మీద నడిచేనాటికి నాకు ఏడేళ్ళుంటాయి. గేట్లు లెక్కపెట్టమని పందెం పెట్టారు నాన్నగారు, గెలిచినవాళ్ళకి రోజ్ మిల్క్. తమ్ముడు ముప్ఫై దాకా వచ్చి లారీ హారన్ కొట్టేసరికి మర్చిపోయి ఏడ్చాడు. అన్నయ్యకి అరవై తొమ్మిది, నాకు డెబ్బై. బ్యారేజీ లంకల మధ్య నాలుగు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్కనీ భుజం అంటారు. ధవళేశ్వరం వైపు భుజానికి డెబ్బై. పిచ్చుకలంక దాటాక ర్యాలి భుజానికి నలభై మూడు, ఆ తర్వాత మద్దూరుకి ఇరవై మూడు, చివర విజ్జేశ్వరానికి ముప్ఫై తొమ్మిది. అన్నీ కూడమన్నారు. 175 అన్నాను. "మా అమ్మాయి ఇంజనీరవుతుంది" అని ఎదురొచ్చిన సైకిలాయనకి చెప్పారు, ఆయనెవరో కూడా తెలీదు. నేను ఇంజనీరు కాలేదు లెండి. కానీ రోజ్ మిల్క్ తాగాను. అన్నయ్య తన గ్లాసు తను కొనుక్కుని, అరవై తొమ్మిదే కరెక్టని ఇప్పటికీ వాదిస్తాడు.

ఎండాకాలం మా దారి గట్టు మీంచి కిందకి దిగిపోయేది. మరమ్మతుల కోసం కాలవలు కట్టేసేవారు. నీళ్ళు తగ్గి, చివరికి అడుగు బయటపడేది. నిన్నటిదాకా పడవలు తిరిగినచోట కాళ్ళతో నడుస్తున్నామంటే అదో దొంగతనంలా ఉండేది. ఆల్చిప్పలు, పగిలిన పింగాణీ ముక్కలు, ఎవరిదో ఇత్తడి చెంబు మూత, మడుగుల్లో మిగిలిపోయిన మట్టగుడిస చేపలు. కాలవ అడుగున నిలబడి పైకి చూస్తే గట్టు కొండంత ఉండేది. మా వాడికి చెప్పాల్సిన మాట ఇదే అనుకుంటాను. కొండ లేకపోతే కాలవలోకి దిగరా, గట్టే కొండవుతుంది. జూన్‌లో నీళ్ళు వదిలే రోజున మళ్ళీ వెళ్ళేవాళ్ళం. ముందు ఎండుటాకులూ చెత్తా కదిలొచ్చేది, దాని వెనక నురగ, ఆ వెనక ఎర్రనీళ్ళు. మనిషి నడిచేటంత నెమ్మదిగా. తమ్ముడు ఆ నురగకి ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ తూము దాకా వెళ్ళేవాడు.

నిజం కొండ మాకు ఒక్కటే. కోరుకొండ. ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల దూరం. చుట్టూ పొలాలు, మధ్యలో ఎవరో కొబ్బరికాయలు రాశి పోసినట్టు ఒంటికొండ, దాని నెత్తి మీద లక్ష్మీనరసింహస్వామి. పద్నాలుగో శతాబ్దంలో ముమ్మడి నాయకుడి కోట అది. ఎందుకు అక్కడే కట్టాడో మెట్లెక్కితే తెలుస్తుంది, ఎవడు ఎటునుంచి వస్తున్నా కనబడతాడు. మెట్లు నిటారుగా ఉంటాయి. ఎన్నని అడక్కండి. ఆరొందల చిల్లర. ఆ చిల్లర ఎంతో మా ఇంట్లో ఏ ఇద్దరికీ ఏనాడూ కలవలేదు.

ఫాల్గుణ ఏకాదశికి కల్యాణం, తీర్థం. అప్పుడే మామ్మ వచ్చేది. బస్సు దిగిన దగ్గర్నుంచీ హడావిడంతా ఆవిడదే. కొండ మొదట్లోకి వచ్చేసరికి మాత్రం ఒక అరుగు చూసుకుని కూర్చుండిపోయేది. "నేనెప్పుడో ఎక్కేశాను, ఆయన నన్ను మర్చిపోడు. మీరెళ్ళి రండి, నేను చెప్పుల దగ్గరుంటాను."

ఆ కాపలా ఎలా ఉండేదో చెప్పాలి. అయిదుగురం గబగబా విప్పి పారేసిన చెప్పుల్ని ఒక్కొక్కటే వంగి తీసేది. మట్టి దులిపేది. జతలు కూర్చేది. వాటిని గుడివైపు కాదు, రోడ్డువైపు ముఖం పెట్టి వరసగా పేర్చేది. ముందు నాన్నగారి తోలు చెప్పులు, అమ్మవి, అన్నయ్యవి, నావి, చివర తమ్ముడి బొటనవేలు తెగిన హవాయి చెప్పులు. తెగినదానికి పిన్నీసు తగిలించేది. "దిగొచ్చినవాళ్ళు తిన్నగా కాళ్ళు దూర్చి నడిచిపోవాలి. కాళ్ళు పీకుతున్నప్పుడు వెనక్కి తిరిగి తొడుక్కోమంటే ఎంత కష్టం!" అనేది. మేం దిగేసరికి వక్కాకు సంచి ఒళ్ళో పెట్టుకుని, పక్కన జీళ్ళు అమ్మే ఆవిడతో ఎప్పట్నుంచో ఎరుగున్నట్టు మాట్లాడుతూ ఉండేది. ఆవిడకి ఎంతమంది పిల్లలో, పెద్దల్లుడు ఎలాంటివాడో అన్నీ మాకు బస్సులో తెలిసేవి.

పైన ఏం చూశామో నాకు అంత గుర్తులేదు. గాలి గుర్తుంది. కింద చెమటలు కక్కే మార్చిలో పైన మాత్రం చీర కొంగు నిలిచేది కాదు అమ్మకి. దూరంగా గోదావరి ఉందని నాన్నగారు చూపించేవారు. నాకు వెండి గీతలాంటిదేదో కనబడేది. అది గోదావరో, ఎండలో మెరిసే చెరువో అడగలేదు.

1986 ఆగస్టులో నేను అయిదో తరగతి. వానలు, వానలు. ధవళేశ్వరం దగ్గర పదకొండు ముప్పావు అడుగులుంటే మొదటి ప్రమాద హెచ్చరిక, పదమూడు ముప్పావుకి రెండోది, పదిహేడు ముప్పావుకి మూడోది. గోదావరి జిల్లాల పిల్లలకి ఎక్కాల కన్నా ముందొచ్చే లెక్క ఇది. ఆ ఏడు మూడోది కూడా దాటిపోయింది. బ్యారేజీ మీంచి పోయిన నీరు 35 లక్షల క్యూసెక్కులు. ఏటిగట్లకి గండ్లు పడ్డాయి. నాన్నగారు మూడు రాత్రులు ఇంటికి రాలేదు. నాలుగోనాడు వచ్చి, గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా మంచినీళ్ళడిగారు. చెప్పులు లేవు ఆయన కాళ్ళకి. మామ్మ అడిగింది చెప్పులేవిరా అని. ఆయన కాళ్ళు చూసుకుని, అప్పుడే తెలిసినట్టు "అవును" అన్నారు.

ఆ శీతాకాలం "లంకలో ఒకాయనకి కాగితం ఇవ్వాలి" అన్నారు. కాగితం నిజమేనని ఇప్పటికీ అనుకుంటాను. రాజమండ్రి ఎదురుగా ఏటి మధ్యలో బ్రిడ్జిలంక, కేతావారిలంక లాంటివి ఉంటాయి. వరదొస్తే జనాన్ని ఖాళీ చేయిస్తారు. నీరు తీశాక మళ్ళీ వెళ్ళి పాకలు వేసుకుంటారు. రేవులో పడవెక్కి దిగితే తెల్లటి ఇసుక, ముదురు రెల్లు, ఒండ్రు మీద వేసిన వంగ, మిరప, పొగాకు. ఇసుక మీద నడవడం తేలికనుకుంటారు గానీ, పిల్లకాళ్ళు ప్రతి అడుగుకీ సగం వెనక్కి జారతాయి. మూడొంతుల దూరం ఇసుకలో, చివర ఒంతు మెత్తటి ఒండ్రులో. ఆ ఒండ్రులోనే నా కుడికాలు మోకాలి దాకా దిగబడింది. లాగితే కాలొచ్చింది, చెప్పు రాలేదు. అన్నయ్య మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. గోదారమ్మకి నాన్న చెప్పులు సరిపోక నావీ కావాల్సొచ్చాయని తమ్ముడు అన్నాడు. ఆ మాటకి అమ్మ నవ్వలేదు. నాన్నగారు నవ్వారు, ఆగస్టు తర్వాత మొదటిసారి.

ఒక తుమ్మచెట్టు దగ్గర ఆగాం. నాన్నగారు తలెత్తి చూపించారు. ఆయన చెయ్యి చాచినా అందనంత ఎత్తులో కొమ్మల మధ్య ఎండుగడ్డి చిక్కుకుని ఉంది. ఒక గుడ్డపేలిక, కొబ్బరిమట్ట కూడా. అక్కడికి అవి ఎలా ఎక్కాయో నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక కాళ్ళకింద ఇసుక చూశాను. మేం నిలబడ్డది నీళ్ళ అడుగున.

ఆ రోజే ఆఖరి పడవ తప్పిపోయింది. కాగితం అందుకున్న ఆయన మమ్మల్ని పొద్దుపోయేదాకా వదల్లేదు, పచ్చి మిరపకాయ నంజుకుని జొన్నరొట్టె తినిపించాడు. రేవుకొచ్చేసరికి పడవ ఏటి మధ్యలో ఉంది. అరిచాం. పడవవాడు చెయ్యూపాడు, టాటా అనుకున్నాడేమో. చీకటి పడుతోంది, చలి. హేవలాక్ వంతెన మీద రైలు వెళ్తుంటే కిటికీల దీపాలు నీళ్ళలో పరిగెత్తుతున్నాయి. చివరికి వంకాయ బుట్టలు పొద్దుటి మార్కెట్‌కి రాత్రే చేరవేసే ఒక రైతు, "ఆయ్, పిల్లలున్నారు కదండీ, ఎక్కండెక్కండి" అని తన చిన్న పడవలో జాగా చేశాడు. బుట్టల మధ్య ముడుచుకు కూర్చున్నాను. తొడిమెల ముళ్ళు గుచ్చుకున్నాయి. నీళ్ళు పడవ అంచుకి జానెడు కింద. ఇప్పుడైతే పిల్లల్ని అలా ఎక్కించను. లైఫ్ జాకెట్ లేని పడవ వైపు చూడను కూడా చూడను. అప్పుడు ఆ భయం ఎవరికీ తెలీదు, తెలిసినా వేరే దారి లేదు. ఇంకో సంగతి, ఇసుక తవ్వేసినచోట ఏట్లో పెద్ద పెద్ద గుంతలుంటున్నాయి ఇప్పుడు. పైకి మోకాలి లోతులా కనబడి, రెండో అడుగుకి కాలికి నేల అందదు. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఇసుక మీద నడిపించండి గానీ, స్నానానికి మాత్రం ఘాట్లకే తీసుకెళ్ళండి.

పట్టిసీమ రెండుసార్లే వెళ్ళాం. ఏటి మధ్య కొండ మీద వీరభద్రస్వామి. నీళ్ళు తగ్గినప్పుడు ఇసుకలో చాలా దూరం నడిచి, మిగతాది పడవలో. శివరాత్రికి మాత్రం వద్దు, చిన్నపిల్లలతో ఆ రద్దీలో పడలేం.

మామ్మ 1991 పుష్కరాలు చూసి, ఆ ఏడాది చివర్లో వెళ్ళిపోయింది. తర్వాత మేం చెప్పులు చేతుల్లో పట్టుకునో, కొట్టువాడికి అప్పజెప్పో కోరుకొండ ఎక్కాం. నా పెళ్ళయి కాకినాడ వచ్చేశాక అదీ లేదు.

కాకినాడలో నాకు దొరికిన నడక కోరంగి. చొల్లంగి అమావాస్యకి మా అత్తగారు సముద్రస్నానానికి తీసుకెళ్ళేవారు, ఆ పక్కనే. 1978లో అభయారణ్యం చేశారు దాన్ని. రెండొందల ముప్ఫై అయిదు చదరపు కిలోమీటర్లట మొత్తం. మనం నడిచేది అందులో చిటికెడు, మడచెట్ల మధ్యన స్తంభాల మీద వేసిన చెక్కదారి. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు మొదటిసారి వెళ్ళి నిరాశపడ్డాం. కింద అంతా నల్ల బురద, వాసన, దోమలు. "అడవన్నావు, ఇదేంటి?" అంది మా అమ్మాయి. టికెట్ల దగ్గర కూర్చున్న పెద్దాయన నవ్వి, "పాటులో వచ్చారమ్మా, పోటులో రండి" అన్నాడు. అక్కడే ఉండి తెచ్చుకున్న పులిహోర తిని, మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళాం. అదే దారి కాదు. చెక్కల కింద దాకా నీళ్ళొచ్చేశాయి, బురదంతా మాయం, చెట్లు నీళ్ళలోంచి మొలిచినట్టున్నాయి. మా అమ్మాయికి మాత్రం పొద్దుటి బురదే నచ్చిందిట. బురద మీద ఈడ్చుకుంటూ నడిచే చేపలు కనబడ్డాయి కదా, అవీ, నేలలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు పైకి లేచిన వేళ్ళూ. చెట్లు గాలి పీల్చుకోడానికి వేళ్ళని పైకి పెడతాయని ఆ పెద్దాయనే చెప్పాడు. తిల్లచెట్టు ఆకు తుంచొద్దనీ చెప్పాడు, దాని పాలు కళ్ళల్లో పడితే చూపుకే ప్రమాదం. మా అత్తగారు మాత్రం ఈ మాటలేవీ వినకుండా మడచెట్టుకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. 1996 నవంబరు తుఫాను రాత్రి ఆవిడ పుట్టింటివాళ్ళు ఎలా గడిపారో అంతకుముందు చాలాసార్లు విన్నాను. ఆ రోజు ఆవిడేం మాట్లాడలేదు.

నాన్నగారికి ఇప్పుడు ఎనభై రెండు. లాకుల దాకా వెళ్ళడం మానేసి చాలా ఏళ్ళయింది. లస్కరు గుడిసె లేదు, బల్లకట్టు చోట సిమెంటు వంతెన. కడియం గట్టు మీద చాలామేర తారురోడ్డు పడింది, ఆదివారం నర్సరీలకొచ్చే కార్ల మధ్య పిల్లలతో నడవడం సుఖంగా ఉండదు. ఒక్క తెల్లవారుజామున మాత్రం బాగుంటుంది, బంతిపూల బుట్టలు సైకిళ్ళ మీద వెళ్తున్నప్పుడు.

సంక్రాంతి సెలవుల్లో ఆ దగ్గు విన్న మర్నాడు పొద్దున్నే పెసరట్టు తింటుంటే నాన్నగారు గదిలోంచి ప్యాంటు వేసుకుని వచ్చారు. అమ్మ నావైపు చూసింది. "చిన్న పనుంది, కోరుకొండలో. వస్తావురా?" అన్నారు మా వాడితో. ఏం పని తాతయ్యా అని వాడు. "ఒకాయనకి కాగితం ఇవ్వాలి." వాడు ఫోన్ పక్కన పెట్టాడు. కాగితం ఇవ్వడానికి మనుషులు వెళ్ళడం వాడెప్పుడూ చూడలేదు మరి, ఏదైనా స్కాన్ చేసి పంపేస్తారు కదా.

కారులో వెళ్ళాం. కొండ మొదట్లో దిగేసరికి ఎండ ఇంకా ముదరలేదు. నాన్నగారు మెట్లవైపు ఒక్కసారి తలెత్తి చూసి, పక్కన అరుగుని చేత్తో తడిమి, దుమ్ము ఊది కూర్చున్నారు. "మీరెళ్ళి రండి. నేను చెప్పుల దగ్గరుంటాను" అన్నారు. అమ్మ ఆయన పక్కనే కూర్చుంది, మోకాళ్ళు పట్టుకుని.

పిల్లలిద్దరూ లెక్కపెడుతూ ఎక్కారు. నేను మూడుసార్లు ఆగాను. మా వాడు పైనుంచి "అమ్మా, ఇంకా రెండొందలే" అని అబద్ధాలు చెబుతూ రప్పించాడు. పైన గాలి అదే. వాడు ఫోటోలు తీసుకున్నాడు, చాలా. అమ్మాయి చెయ్యి చాచి "అది గోదావరేనా?" అంది. చూశాను. వెండి గీత ఒకటి ఉంది.

"అయ్యుండచ్చు" అన్నాను.

దిగేటప్పుడు కూడా లెక్క కలవలేదు. ఇద్దరికీ తొమ్మిది తేడా. పోట్లాడుకుంటూ చివరి మెట్టు మీదకి వచ్చి ఇద్దరూ ఆగారు. అరుగు ముందు మా మూడు జతలు రోడ్డువైపు ముఖం పెట్టి వరసగా ఉన్నాయి. మా వాడి బూట్ల లేసులు విప్పి, నాలికలు పైకి లాగి, కాలు దూర్చడమే తరువాయిగా. నాన్నగారు జామకాయలమ్మే అతనితో వాళ్ళబ్బాయి ఉద్యోగం గురించి మాట్లాడుతున్నారు.

"కాగితం ఇచ్చేశారా తాతయ్యా?" అన్నాడు వాడు, కూర్చోకుండానే బూటులో కాలు పెడుతూ.

నాన్నగారు జేబు తడుముకున్నారు. "ఆయన ఊళ్ళో లేడ్రా. మళ్ళీ రావాలి" అన్నారు.